గాలిబిళ్లకు బొట్టు

ఒడి నిండా బియ్యం పెట్టుకుని రైల్లో కూర్చోవడం ఎంత కష్టమో అమ్మ చెప్పలేదు. చెప్పి ఉంటే ముడి కాస్త పక్కకు వేయించుకునేది అమృతవల్లి. ఇప్పుడు బండి హిందూపురం దాటి ఊపందుకుంటుంటే ప్రతి కుదుపుకూ పసుపు బియ్యం పొట్ట మీద ఇటునుంచి అటు జారుతున్నాయి, లోపలున్న ఎండుకొబ్బరి గిన్నె పక్కటెముకకు తగులుతోంది, ఖర్జూరాలూ వక్కలూ రవికె గుడ్డా పెళ్లి బస్సులో చుట్టాల్లాగా ఎవరి చోటు వాళ్లు వెతుక్కుంటున్నాయి. ఈ ఒడిబియ్యం ముడి ధర్మవరంలో అత్తగారింటి దేవుడి గదిలో తప్ప ఎక్కడా విప్పకూడదట, ఒక్క గింజ కూడా కింద రాలకూడదట. రాలితే ఏమవుతుందని అడిగితే అమ్మ నీలావతి, రాలకుండా చూసుకో అంతే అంది. ఆ బియ్యం మీద, రెండు అరచేతుల మధ్య, ఒక చిన్న తెల్ల ప్లాస్టిక్ పెట్టె. అందులో గాలిబిళ్ల. దాని అసలు పేరు ఏరోజెల్, ఆ పేరు అమర్‌నాథ్ నోట్లో బాగానే ఉంటుంది కానీ తన నోట్లో తలనొప్పికి పూసుకునే మందులా ఉంటుంది, అందుకని తనకు అది గాలిబిళ్లే. ఎదురు సీట్లో నాయన గంగాధరప్ప అప్పుడే తువ్వాలు ముఖాన కప్పుకుని నిద్రపోయాడు. కొట్లో కూర్చుంటే మధ్యాహ్నం రెప్ప వాల్చని మనిషి రైలెక్కితే చాలు, టికెట్టుతో పాటు నిద్ర కూడా కొన్నట్టు పడుకుంటాడు. ఆయన ఊపిరికి తువ్వాలు అంచు లేస్తోంది, పడుతోంది. దాన్ని చూస్తే నవ్వొచ్చింది వల్లికి. ఈరోజు ఏం చూసినా నవ్వొస్తోంది. స్టేషన్లో కుక్క ఆవులిస్తే నవ్వొచ్చింది, మురుకులమ్మే మనిషి కేకలో సగం తెలుగూ సగం కన్నడమూ వినబడితే నవ్వొచ్చింది. ఆషాఢం పోయింది మరి. అత్తా కోడలూ, అల్లుడూ మామగారి గడపా ఒకచోట ఉండకూడదని పెద్దలు పెట్టిన నెల, ఎండలో ఆరేసిన పట్టుచీరలా మడత పెట్టి లోపల పెట్టేసినట్టు అయిపోయింది, ఇంకో గంటన్నరలో ధర్మవరం, ప్లాట్‌ఫారం మీద అమర్, వాడి చేతిలో ఏ పువ్వులూ ఉండవు, ఉంటే ఒక స్క్రూడ్రైవర్ ఉంటుంది.

వాడు అని మనసులోనే. నలుగురిలో మీరు, ఇద్దరే ఉంటే నువ్వు, ఒంటరిగా తలచుకున్నప్పుడు వాడు. మూడు మెట్లు, మూడూ బాగున్నాయి. ఆషాఢంలో వాడు మామగారి గడప తొక్కకూడదన్నారు కానీ హిందూపురం ఊరే తొక్కకూడదని ఎవరూ అనలేదు కదా. బెంగళూరులో వాడు పనిచేసే పరిశోధనశాలకు పట్టుగూళ్లు కావాలట, దారం తీయడానికి పనికిరాని చిల్లుగూళ్లయినా చాలట, అవి హిందూపురం మార్కెట్లోనే దొరుకుతాయట. ఇంకెక్కడా దొరకవా అని వల్లి అడగలేదు, అడిగితే దొరుకుతాయని చెప్పేంత పిచ్చి నిజాయితీ వాడికి ఉంది. మార్కెట్లో కలిశారు. గంపల నిండా తెల్లగా, పసుపుగా గూళ్లు, రైతుల అరుపులు, చచ్చిన పురుగుల వాసన. ప్రపంచంలో ఏ కొత్తజంటా అంత కంపులో అంత సంతోషంగా నిలబడి ఉండదు. అమ్మ కూడా ఊరకే ఉండలేదు, ఆ పొద్దున తనంతట తనే బొరుగులతో ఉగ్గాని చేసి డబ్బాలో పెట్టి, మార్కెట్టు పక్క ఆ కుట్టుమిషనామె దగ్గరికి పోయి జాకెట్లు తీసుకురా అంది, డబ్బాలో ఇద్దరికి సరిపోయే ఉగ్గాని ఎందుకుందో తనకేమీ తెలియనట్టు ముఖం పెట్టింది. గూళ్ల మూట మీద కూర్చుని బొరుగులు ఒక్కొక్కటే నోట్లో వేసుకుంటూ అమర్ చెప్పాడు, ఈ గూళ్లను చాకలి సోడాలో ఉడకబెట్టి జిగురు తీసేస్తాడట, పట్టును నీళ్లలా కరిగిస్తాడట, ఆ నీళ్లను గడ్డ కట్టించి, మంచును మళ్లీ కరగనీయకుండానే ఆవిరిగా లాగేస్తాడట. నీళ్లు నీళ్లుగా పోతే లోపలి సన్నటి గోడలు వాటితో పాటే కూలిపోతాయి, అందుకని చప్పుడు లేకుండా ఆవిరైపోవాలి. పెళ్లయిపోయి జనమంతా వెళ్లిపోయినా పందిరి నిలబడి ఉన్నట్టా అని వల్లి అడిగింది. వాడు బొరుగులు నమలడం ఆపేసి, ఇన్నేళ్లుగా ఎవరికి చెప్పాల్సి వచ్చినా చెప్పలేకపోయాను, అదే, పందిరే అన్నాడు. ఆ పందిరిని గాలి తగలని కొలిమిలో మాడ్చితే కరెంటు పారే నల్లబిళ్ల అవుతుంది. ముట్టుకుంటే లోపలి గోడలు దగ్గరికి జరిగి కరెంటు సులువుగా పారుతుంది, వదిలేస్తే మళ్లీ దూరం జరుగుతాయి, ఆ తేడా ఫోన్లో ఒక గీతై కనిపిస్తుంది. చెయ్యి చాపమని ఆ బిళ్లను అరచేతిలో పెట్టాడు. పెట్టావా అని అడిగింది తను. పెట్టేశాడు. కళ్లతో చూస్తే తప్ప తెలియలేదు. కాటుక ముద్దలో గాలి నింపినట్టు, బొటనవేలి గోరంత. వల్లి తలలోని మల్లెపువ్వు తీసి దాని మీద బిళ్ల పెట్టి చూపించాడు, రెక్క కూడా వంగలేదు. తర్వాత దాన్ని మణికట్టు మీద నాడి కొట్టుకునే చోట నిలిపాడు, సన్నటి రెండు తీగలు, చొక్కా గుండీ అంత యంత్రం. ఫోన్లో గీత లేచింది, పడింది, లేచింది, పడింది. ఇది నువ్వే అన్నాడు. ఆ గీత వెంటనే గంతులు వేయడం మొదలుపెట్టింది.

"నువ్వు నవ్వితే గీత చెడిపోతాంది వల్లీ, కొంచేపు నవ్వాకు."

నవ్వకుండా ఎలా ఉండడం. అయినా ఆ బిళ్ల తన కోసం చేసింది కాదని తెలుసు. తెలిసి కూడా ఒక్క నిమిషం తనదనుకుంది. అది అమర్ వాళ్ల అవ్వ కోసం. అవ్వ, హనుమంతమ్మ. పెళ్లినాడు ధర్మవరంలో గడప దగ్గర చెయ్యి అడ్డం పెట్టి నిలబడిన అవ్వ. గాజుల చెయ్యి, మోచేతి దాకా పసుపు, ఎర్రంచు పట్టుచీర, దాని మీద ఆమె చిన్నప్పుడే నేసుకున్న హంసలు. మొగుని పేరు చెప్పి లోపలికి రామ్మా అంది. అందరూ మూగారు. కాలేజీలో వక్తృత్వానికి కప్పు గెలుచుకున్న అమృతవల్లికి ఆ ఒక్క పేరు గొంతులోంచి పైకి రాలేదు, పెదాల దాకా వచ్చి సిగ్గుపడి వెనక్కి పోయింది. చివరికి ఏదో గొణిగింది. అవ్వ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, ఇనపడల్యా అంది. ఇంకోసారి చెప్పింది. ఇనపడల్యా, నాకు చెవుడమ్మా, గట్టిగా చెప్పు. చుట్టాలంతా పడీ పడీ నవ్వారు, ఎందుకంటే వంటింట్లో ఉండి వెనక గదిలో మగ్గం మీద పోగు తెగితే వినగలిగే చెవులు అవ్వవి, అది ఆ వీధికంతా తెలుసు. మూడోసారి తను కళ్లు మూసుకుని గట్టిగా అరిచినంత పని చేస్తే అప్పుడు చెయ్యి తీసింది, నోట్లో చక్కెర పోసింది, పోస్తూ చెవిలో, పేరు మంచిదే, మనిషిని కూడా చూసుకో అంది. ఆ చక్కెర పలుకులు ఇంకా నాలుక మీద ఉన్నట్టే ఉంటాయి. ఆ వారంలోనే ఒక పొద్దున అవ్వ మంచం మీంచి లేవలేకపోయింది. కుడిచెయ్యి పోయింది, నోరు ఒక పక్కకు జారింది, మాట పోయింది. వినబడుతుంది, అర్థమవుతుంది, మాట ఒక్కటే లేదు. డాక్టరు, ప్రయత్నం చేయిస్తే రావచ్చన్నాడు. మాట నేర్పే మేడం ఒకామె వారానికోసారి వచ్చి అద్దం ముందు పెట్టి ఆ అను, ఊ అను అంటుంది, అవ్వ పెదాలు బిగించి పడుకుంటుంది. గొంతుకు యంత్రాలు అంటిస్తే దురద పుడుతుందని ఎడమచేత్తో పీకి పారేస్తుంది. ఆమె ప్రయత్నమే చేయడం లేదు, ప్రయత్నం లేని చోట నేను వచ్చి ఏం లాభం, ఇంకొక్కసారి వచ్చి చూసి మానేస్తాను అంది మేడం. ఆ ఇంకొక్కసారి రేపే. అందుకే గాలిబిళ్ల. గొంతు మీద పెడితే పెట్టినట్టు తెలియదు, తెలియనిదాన్ని అవ్వ పీకేయదు, పైకి చప్పుడు రాకపోయినా లోపల కండరం కదిలితే చాలు, గీత లేస్తుంది. ప్రయత్నం ఉంటే కనబడుతుంది. లేకపోతే అదీ కనబడుతుంది. అమర్ మూడు బిళ్లలు చేస్తే రెండు కొలిమిలోనే పగిలాయి, మిగిలింది ఇది. బెంగళూరు, ధర్మవరం తిరుగుళ్లలో బ్యాగులో నలిగిపోతుందని, పోయినసారి మార్కెట్టుకు వచ్చినప్పుడు, నువ్వైతే జాగ్రత్తగా తెస్తావు అని తన చేతిలో పెట్టాడు.

నువ్వైతే. ఆ మాటను అప్పట్నుంచీ పొద్దునా సాయంత్రమూ తీసి చూసుకుంది. కానీ వాడికి చెప్పనిది ఒకటుంది. అవ్వ పడిపోయిన మూడునాళ్లకు, కాఫీ గ్లాసులు కడగడానికి వంటింట్లోకి పోతుంటే లోపల అమర్ వాళ్ల పెద్దమ్మ ఎల్లమ్మ ఎవరితోనో అంటోంది, కొత్త కోడలు గడప తొక్కింది, ముసలామె నోరు మూతబడింది అని. వల్లి గ్లాసులు పట్టుకుని అలాగే వెనక్కి వచ్చేసింది. అది మూఢత్వమని తెలుసు, రక్తనాళమో ఏదో మూసుకుపోయిందని డాక్టరు చెప్పినదాన్ని తనే అందరికీ తెలుగులో విడమరిచి చెప్పింది. తెలిసినా ఆ మాట బియ్యంలో రాయిలా అప్పుడప్పుడూ పంటికి తగులుతూనే ఉంది. పైగా తను మంచం దగ్గర కూర్చున్నప్పుడల్లా అవ్వ ముఖం గోడవైపు తిప్పుకునేది. అమర్‌తో తిప్పుకోదు, అత్త పద్మావతితో తిప్పుకోదు, తనతోనే. వంకరపోయిన నోరు కొత్త కోడలికి చూపించడం ఇష్టం లేక అయ్యుంటుంది, అవ్వకు అందమంటే పిచ్చి అన్నాడు అమర్. కావచ్చు. కాకపోవచ్చు. మాట ఉంటే ఏమనేదో, నీవల్లే అనేదేమో. ఆ బిళ్ల గీత గీస్తుందే కానీ గీతలో ఏముందో చెప్పదు. ఒక్కోసారి అది పనిచేయకపోతేనే నయమేమో అని ఒక ఆలోచన బల్లి తోకలా కనబడి మాయమవుతుంది, అప్పుడు తనను తనే గిల్లుకుంటుంది. కిటికీలోంచి తుంపర పడితే లేచి రెక్క దించేసింది, తనకు కాదు పెట్టెకు తడి తగలకూడదని. నీళ్లు దానికి పగ, చేత్తో ముట్టుకోకు, మీద ఊదకు కూడా అని వాడు హెచ్చరించాడు. అందుకే ఇంట్లో ఎవరూ ముట్టని చోటు కావాలని దేవుడి గదిలో పై అర మీద పెట్టింది. కిటికీ చీలికలోంచి వేరుశనగ చేలు, నున్నటి రాతిగుండ్లు, మధ్యలో ఒక మడి మల్బరీ తోట, ఆకు కోస్తున్న ఆడవాళ్లు గోనెసంచులు తల మీద బోర్లించుకుని వానలోనే వంగి ఉన్నారు. ఈ ఆకే పురుగు తిన్నది, ఆ పురుగే గూడు కట్టింది, ఆ గూడే ఒళ్లో ఉంది. ఒక్కసారి చూద్దామనిపించింది. ఊరకే, బాగుందా అని, మూత కొంచెమే తీసి. తీసింది.

నల్లబిళ్ల మీద బొట్టు ఉంది. పసుపు, దాని మీద కుంకుమ, చక్కగా, గుండ్రంగా, అమ్మ ఉంగరపు వేలంత బొట్టు. ఒక పక్కగా పెట్టింది, తీగలు అడ్డమొచ్చాయి కాబోలు. బొట్టు కింద బిళ్ల ఎండిన వంకాయ తొక్కలా ముడుచుకుపోయి ఉంది. వల్లికి మొదట అర్థమే కాలేదు, అందంగా ఉంది అనుకుంది, నిజంగా అనుకుంది, నల్లటి పాప నుదుటి మీద బొట్టులా ఉందని, ఆ తర్వాత మూత మూసేసి మళ్లీ తెరిచింది. పొద్దున అమ్మ తలస్నానం చేసి దేవుడి గదిలో కూర్చుంది. శ్రావణమాసం, గడపకు బొట్టు, పొయ్యికి బొట్టు, నాయన కొట్టు తాళాలకు బొట్టు, తక్కెడకు బొట్టు, రైలుకు పోయే పెట్టెలకు బొట్టు. రోకలికి కూడా బొట్టు పెట్టనిదే పసుపు దంచదు అమ్మ. ఆ చెయ్యి పై అర దాకా వెళ్లదని ఎలా అనుకుంది తను. తడి పసుపు. నీళ్లు నీళ్లుగా పోతే గోడలు కూలిపోతాయి. పందిరిలో సగం మీద వాన కురిసింది.

బండి పెనుకొండలో ఆగింది. కొండ సగం దాకా మబ్బు దిగి ఉంది, కోటగోడ మధ్యలో మాయమై మళ్లీ పైన ఎక్కడో కనబడుతోంది. ఎదురుబండి రావాలట, అది పోయేదాకా కదలదట. కార్ల కంపెనీ డ్యూటీ దిగిన కుర్రాళ్లు నీలం చొక్కాలతో బిలబిలమని ఎక్కారు, పక్కన ఒక పెద్దామె పూలబుట్టతో వచ్చి కూర్చుంది, బోగీ అంతా కనకాంబరాల వాసన. కనకాంబరాలకు వాసన ఉండదు కదా, తడి బుట్ట వాసన అయ్యుంటుంది, ఇలాంటప్పుడు కూడా మనసు ఇలాంటివే ఎందుకు చూస్తుందో. వల్లి అమ్మకు ఫోన్ చేసింది. కోపంగా మాట్లాడాలనుకుంది, ఎలా మొదలుపెట్టాలో కూడా అనుకుంది.

"అమ్మా, నా తెల్లపెట్టె తెరిచినావా?"

"తెరిస్తి. దేవుని అర మీద ఉండేది, ఇల్లు దాటి పోయేది, బొట్టు లేకుండా ఎట్ల పంపేది?" అమ్మ గొంతులో ఏ అనుమానమూ లేదు. తర్వాత కొంచెం తగ్గించి, ఎవరో వింటారన్నట్టు అంది, "ఆ ముసలామె నోరు తెరిస్తే నీ మీద మాట పోతాదని మొక్కుకోని పెట్టినా వల్లీ. ఏమన్నా తప్పాయనా?"

నీ మీద మాట. అమ్మకు తెలుసు. తను చెప్పలేదు, చెప్పకుండానే ఎక్కడినుంచో హిందూపురం దాకా ఆ మాట నడిచి వచ్చింది, అమ్మ దాన్ని నెలంతా తన దగ్గరే పెట్టుకుని, కూతురికి ఉగ్గాని చేసిపెట్టి, జాకెట్లు కుట్టించి, ఈరోజు పొద్దున తలంటు పోసుకుని, తడి వేలితో, దేవుడి ముందు, ఆ నల్లబిళ్లను బతిమాలింది. వల్లి గొంతులో కోపం కోసం వెతికింది, దొరకలేదు. తప్పేమీ లేదమ్మా, బాగుంది, అందంగా పెట్టినావు అంది. ఫోన్ పెట్టేశాక కళ్లు తుడుచుకుంది, పక్కనున్న పెద్దామె చూసింది. అంతలో అమర్ ఫోన్. యాడున్నారు అన్నాడు. పెనుకొండ. బిళ్ల ఎట్లుంది అన్నాడు. ముందు పెళ్లాం ఎట్లుందని అడగాలి అంది తను, నవ్వుతున్నట్టు. వాడు నిజంగా సిగ్గుపడ్డాడు, నువ్వెట్లున్నావు అని అడిగాడు, బియ్యం మూటలా ఉన్నా అని చెప్పి పెట్టేసింది. చెప్పలేదు. చెప్పడానికి ముందు తెలుసుకోవాలి. పనిచేస్తుందా, చేయదా. చేయకపోతే రేపు మేడం వస్తుంది, పెదాలు బిగించుకున్న అవ్వను చూస్తుంది, సంచి సర్దుకుని పోతుంది, అవ్వ మాట ఆ గోడవైపే ఉండిపోతుంది. అప్పుడు తనకు తెలిసింది, అవ్వ ఏమన్నా ఫరవాలేదు, నీవల్లే అన్నా సరే, అననీ, ఏదో ఒకటి అంటే చాలు. తోకలా కనబడిన ఆ ఆలోచన ఇక లేదు.

పెట్టెలోనే గుండీ యంత్రం ఉంది, పల్చటి రబ్బరు పట్టీ ఉంది. అమర్ ఎలా కట్టాడో గుర్తుంది. బిళ్లను చేత్తో ముట్టుకోకుండా పట్టీతో సహా ఎత్తి, పైట చాటున గొంతు మీద నిలిపింది, బొట్టు పైకి, బాగున్న సగం కిందికి. తగిలినట్టే లేదు. పెద్దామె ఓరగా చూసి, గొంతునొప్పామ్మా, రెండు మిరియాలు నమలరాదా అంది. వల్లి తల ఊపింది. మార్కెట్లోనే అమర్ వల్లి ఫోన్లో ఎక్కించిన గీత తెరుచుకుంది. తిన్నగా ఉంది. కిటికీ చువ్వలా, నీళ్లు కట్టని మడిలా, ఎటు చూసినా తిన్నగా. చూస్తూ ఉంది. తిన్నగానే. బండి కదలడం లేదు, కొండ మీద మబ్బు కదలడం లేదు, గీత కదలడం లేదు. నువ్వైతే జాగ్రత్తగా తెస్తావు. నాయన తువ్వాలు తీసి కళ్లు తెరిచాడు, కూతురి ముఖం చూశాడు, లేచి కూర్చున్నాడు.

"ఏమ్మా, ఊపిరి బిగబట్టినావు, ఏమాయ?"

అప్పుడు ఊపిరి వదిలింది, గుటక వేసింది, గీత ఒక్క ఎగురు ఎగిరింది. పెనుకొండ అంత ఎత్తు కాదు, మార్కెట్లో చూసినదాంట్లో సగమే, కానీ ఎగిరింది. తనే ఊపిరి తీయకుండా కూర్చుని, పాపం దాన్ని అనుమానించింది. వల్లికి నవ్వొచ్చింది, నవ్వితే గీత చిందరవందర అయింది, చెడిపోతాందని ఇప్పుడు ఎవరంటారు. ఏమీ లేదు నాయనా, పడుకో అంది, ఆయన అనుమానంగా చూసి, మీ యమ్మ మాదిరే ఉండావు అని తువ్వాలు మళ్లీ కప్పుకున్నాడు. ఇప్పుడు పెదాలు మూసింది. చప్పుడు రాకుండా, లోపల్లోపలే, గొంతుతో మాత్రం, ఆ పేరు పలికింది. అమర్‌నాథ్. గీత లేచి చిన్న తిన్నె అయింది, వెంటనే ఇంకొకటి, ఆ తర్వాత పొడుగ్గా వాలింది. ఇంతమందిలో, నీలం చొక్కాల మధ్య, నాయన ఎదురుగా, మొగుడి పేరు పలికి ఎవరికీ దొరకలేదు తను. మళ్లీ పలికింది. మళ్లీ అదే తిన్నె. సంతోషం పట్టలేక ఇంకేం పలకాలో తోచక, గడప దగ్గర అవ్వ ఎలా అందో అలాగే, చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్న ఆ ముఖాన్ని తలచుకుంటూ, లోపలే అనుకుంది. ఇనపడల్యా. రెండు పొట్టి గుట్టలు, వాటి వెనక ఒక పెద్ద గుట్ట, సాగదీసినట్టు. అవ్వ అలా సాగదీసే కదా అనేది. నాలుగైదుసార్లు అని చూసింది, ప్రతిసారీ అంతే, చిన్నపిల్లలు గీసే కొండల బొమ్మలా. ఎదురుబండి దడదడమని దాటిపోయింది, తమ బండి కదిలింది, కుదుపులకు గీత పిచ్చిదైపోయింది, ఆపేసి బిళ్లను పెట్టెలో పెట్టి మూత వేసి, మూత మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చుంది. ఆ తర్వాత ఏ స్టేషన్లు వచ్చాయో, ఎంతసేపు పట్టిందో, తనకు తెలియదు. పూలామె ఒక మూర కనకాంబరం కోసి, కొత్త పెండ్లికూతురువి, పెట్టుకో అని తలలో తురిమింది, అది మాత్రం తెలుసు.

ధర్మవరం ప్లాట్‌ఫారం మీద అమర్ చేతిలో స్క్రూడ్రైవర్ లేదు, గొడుగుంది, అదీ విరిగినది. నాయన ముందు మీరు అనాలి కాబట్టి మీరు అంటూనే పెట్టె తెరిచి చూపించింది, చెప్పడానికి అనుకున్న మాటలన్నీ మరిచిపోయి, అమ్మ అని ఒక్క మాట అంది. వాడు బొట్టును చూశాడు. వాడి ముఖంలో పగిలిన రెండు బిళ్లలూ కనబడ్డాయి వల్లికి, తర్వాత నెమ్మదిగా నోటి పక్కన ఒక నవ్వు. దీనికి కూడా పెండ్లి చేసిందా మీ యమ్మ అన్నాడు. పెనుకొండలో పరీక్ష చేశానని, సగం గీత వస్తోందని చెప్పింది. సగం చాలు అన్నాడు, అవ్వది కూడా ఇప్పుడు సగమే కదా. ఆటోలో ముగ్గురూ ఇరుక్కుని కూర్చున్నారు, మగ్గాల చప్పుడు వీధి వీధికీ మారుతూ వచ్చింది, ఇల్లొచ్చింది. అత్త పద్మావతి ఎర్రనీళ్ల పళ్లెంతో ఎదురొచ్చి, దిష్టి తీసేదాకా ఆడనే ఉండమ్మా అని గడప బయట నిలబెట్టింది. వల్లి ఒడి రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. లోపల హాల్లో, గడపకు ఎదురుగా అవ్వ మంచం. పెట్టె తీసుకుని ముందే లోపలికి పోయిన అమర్ ఆమె గొంతు మీద పట్టీ చుడుతున్నాడు. అవ్వ ఎడమచెయ్యి లేవలేదు, పీకలేదు, పెట్టినట్టే తెలియలేదు. ముఖం గోడవైపే ఉంది. వాడు ఫోను వల్లికి కనబడేలా తిప్పి పట్టుకున్నాడు. ఊపిరి గీత, మెల్లగా లేస్తూ, మెల్లగా పడుతూ.

అత్త నీళ్లు వీధిలో పారబోసి వచ్చి, రామ్మా, కుడికాలు ముందు పెట్టి రా అంది. వల్లి కాలెత్తింది. అవ్వ ముఖం గోడమీంచి ఇటు తిరిగింది. మొదటిసారి. జారిన నోరు, కళ్లు మాత్రం అవే, గడప మీద, తన కాలి మీద. గీత లేచింది. రెండు పొట్టి గుట్టలు, వెనక ఒక పెద్దది, సాగదీసినట్టు. ఏమవ్వా, నీళ్లు కావల్నా అని అమర్ మంచం మీదికి వంగాడు. దిండు సరిగా లేదేమో చూడప్పా అంది అత్త. మళ్లీ అదే గీత, ఈసారి ఇంకొంచెం ఎత్తుగా, విసుక్కున్నట్టు. రెండు పొట్టివి, ఒక పెద్దది, పెనుకొండలో తన గొంతు గీసినవే. వల్లి ఎత్తిన కాలు వెనక్కి తీసి గడప బయటే పెట్టింది. వెనక నాయన ఉన్నాడు, పక్కింటి అరుగు మీద ఆడవాళ్లు ఉన్నారు, ఆటో అతను ఇంకా పోలేదు.

"అమర్‌నాథ్" అంది, పైకి, వీధి సగం దాకా వినబడేలా.

అమర్ ఫోను జారబోయి పట్టుకున్నాడు. అవ్వ కళ్ల చివర్లు ముడతలు పడ్డాయి. వాడి చేతిలో గీత ఒక్క క్షణం తిన్నగా ఉండి, మళ్లీ లేచింది, రెండు పొట్టి గుట్టలు, ఒక పెద్దది. చెవుడట. వల్లి ఒడి ఇంకొంచెం పైకెత్తి పట్టుకుని, గుండె నిండా గాలి పీల్చుకుంది.